ఆ మాట రచయిత విన్నాడా?

'ఏడు తరాలు' చదివినవాళ్ళని అది ఏం పుస్తకమని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా "నవల" అంటారు. సహవాసి తెలుగు చేసి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసిన ఆ పుస్తకం, చేతులు మారి మారి అట్ట ఊడిపోయాక నాకు దొరికింది. నేనూ నవలగానే చదివాను. డోలు చేసుకోవడానికి చెక్క కోసం వెళ్ళిన ఆఫ్రికా కుర్రాడు కుంటా కింటేని బానిసల వ్యాపారులు పట్టుకుపోయే చోట పుస్తకం కింద పెట్టడం నావల్ల కాలేదు.

రాసిన అలెక్స్ హేలీ మాత్రం దాన్ని మా వంశ చరిత్ర అన్నాడు. 1976లో 'రూట్స్' పేరుతో వచ్చినప్పుడు అమెరికాలో దాన్ని నిజగాథల వరసలోనే అమ్మారు. మరుసటి ఏడు పులిట్జర్ వాళ్ళు, ఉన్న అరల్లో దేంట్లోనూ ఇమడని ఆ పుస్తకానికి ప్రత్యేక బహుమతి ఇచ్చి ఊరుకున్నారు. హేలీ తన పుస్తకానికి తనే ఒక పేరు పెట్టుకున్నాడు: ఫ్యాక్ట్‌కి ఫిక్షన్‌ని అతికించి 'ఫ్యాక్షన్'. మన సీమ ఫ్యాక్షన్‌తో దీనికి చుట్టరికం లేదు గానీ, గొడవలు మాత్రం దీనిచుట్టూ కూడా బాగానే అయ్యాయి. తన 1967 నాటి నవల 'ది ఆఫ్రికన్'లోని భాగాలు 'రూట్స్'లోకి వెళ్ళాయని హెరాల్డ్ కూర్లాండర్ కేసు వేశాడు. 1978లో హేలీ 6,50,000 డాలర్లిచ్చి రాజీపడ్డాడు. వంశవృక్షాలు పరిశోధించేవాళ్ళు అమెరికా పాత రికార్డులు తీసి చూస్తే, పుస్తకంలో చెప్పిన తరాల లెక్క వాటితో కుదరలేదు.

సంభాషణల సంగతి హేలీ దాచలేదు కూడా. వాటిలో, సంఘటనల్లో ఎక్కువ భాగం తనకి తెలిసినదాన్నీ, జరిగి ఉండొచ్చని తనకి తోచినదాన్నీ కలిపి నవలలా అల్లినవేనని ఆయనే పుస్తకం చివరి పేజీల్లో ఒప్పుకున్నాడు. ఆ పేజీల దాకా వెళ్ళేసరికి కుంటా కింటే మాటలు మనం చెవులారా విన్నట్టే నమ్మేసి ఉంటాం.

నవలలా చదివించే నిజం పుస్తకాలు నాలుగు చెప్పమని అడిగేవాళ్ళకి పేర్లు చెప్పడం తేలికే, ఇక్కడా చెబుతాను. కానీ వాటి వెంట ఒక ప్రశ్న కూడా తీసుకెళ్ళమంటాను. ఈ వాక్యం రచయితకి ఎలా తెలిసింది? అక్కడే ఉండి చూశాడా, ఎవరైనా చెబితే విన్నాడా, కాగితంలో చదివాడా, లేక తనే అనుకున్నాడా? ఈ రకం పుస్తకాల మీద వచ్చిన పేచీలన్నీ తవ్వుకుంటూ పోతే ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

అసలు ఒక నిజమైన సంగతి నవలలా ఎప్పుడు అనిపిస్తుంది? అమెరికన్ రచయిత టామ్ వుల్ఫ్ 1973లో దీని మీద లెక్క తేల్చాడు. వార్తలా సారాంశం చెప్పకుండా సన్నివేశం వెంట సన్నివేశంగా నడపాలి. మనుషులు మాట్లాడుకున్నది ఉన్నదున్నట్టు రాయాలి. ఒకరి కళ్ళలోంచి చూస్తున్నట్టు చెప్పాలి. ఆ మనిషి వేసుకున్న చెప్పులూ, ఇంట్లో కుర్చీలూ, నౌకరుతో మాట్లాడే తీరూ పట్టించుకోవాలి, హోదా బయటపడేది వాటిలోనే కాబట్టి. ఇవన్నీ నవలాకారుల పాత పనిముట్లే. వుల్ఫ్, ఆయన తోటివాళ్ళు వాటిని విలేకరుల సంచిలో వేశారు. ఈ నాలుగింటిలో సన్నివేశం, వస్తువులు కళ్ళతో చూసి రాయొచ్చు. సంభాషణ, మనసులో మాట దగ్గరే ప్రాణసంకటం.

వుల్ఫ్‌కి చాలా ముందే ఈ పని చేసి చూపించినవాడు అమెరికన్ విలేకరి జాన్ హెర్సీ. ఈ తోవలో మొదట చదవాల్సింది ఆయన 'హిరోషిమా' అని నా పట్టుదల. 1946 ఆగస్టు 31 నాటి 'న్యూయార్కర్' సంచిక మొత్తం ఆ ఒక్క రచనకే ఇచ్చేశారు. ముప్ఫై వేల మాటలు పైచిలుకు. అట్ట మీద మాత్రం పార్కులో వేసవి షికారు చేస్తున్న జనం బొమ్మ! లోపల ఏముందో తెలియక కొన్నవాళ్ళు పేజీ తిప్పగానే 1945 ఆగస్టు 6 ఉదయం ఎనిమిదీ పావులో పడ్డారు. తగరం ఫ్యాక్టరీలో గుమాస్తా తోషికో ససాకి తన సీట్లో కూర్చుని, పక్క బల్ల దగ్గరి అమ్మాయితో మాట్లాడటానికి మెడ తిప్పుతోంది. అంతే, ఆ క్షణాన్ని అక్కడ ఆపి హెర్సీ ఇంకో ఐదుగురి దగ్గరికి వెళ్తాడు. ఇద్దరు డాక్టర్లు, అప్పటికే భర్త పోయిన ఒక దర్జీ భార్య, ఒక జర్మన్ పాదిరీ, ఒక మెథడిస్టు పాస్టరు. ఆ నిమిషంలో ఎవరెవరు ఏం చేస్తున్నారో ఒక్కొక్కటే చెబుతాడు. తిరిగి ససాకి దగ్గరికి వచ్చేసరికి వెనకున్న పుస్తకాల బీరువాలు ఆమె మీద కూలతాయి. అణుయుగం మొదటి నిమిషంలో ఒక మనిషి పుస్తకాల కింద నలిగిందని ఆయన అన్న తీరు చదివాక మర్చిపోవడం కష్టం.

ఈ ఆరుగురిని అల్లే పద్ధతి ఆయన ఒక నవల నుంచే తీసుకున్నాడు. వంతెన కూలి చనిపోయిన ఐదుగురి కథ, థార్న్‌టన్ వైల్డర్‌ది. తీసుకున్నది అల్లిక వరకే. లోపలి సరుకంతా 1946లో హిరోషిమా వెళ్ళి, బతికి బయటపడ్డవాళ్ళ ఎదురుగా కూర్చుని విన్నది. ఒక్క చోటైనా గొంతు పెంచడు, ఎవరినీ తిట్టడు. పదేళ్ళ పిల్లాడికి చెబుతున్నంత మామూలు వాక్యాలు. ఆ మామూలుతనమే చదివేవాడి గుండె పిండుతుంది.

తర్వాత 1980లో హెర్సీ ఒక వ్యాసం రాశాడు. కల్పించడానికి నవలాకారుడికి లైసెన్సు ఉంది, విలేకరి లైసెన్సు మీద మాత్రం 'ఇందులో ఏదీ కల్పించింది కాదు' అని రాసి ఉండాలి అన్నాడు. తన చేతులు పూర్తిగా శుభ్రమని ఆయనా అనలేదు. యుద్ధం రోజుల్లో చాలామంది సైనికులతో మాట్లాడి, వాళ్ళందరినీ ఒకే పాత్రగా పోతపోసి రాసిన సంగతి తనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఉండబట్టే ఆ వ్యాసం మీద నాకు గురి.

ఈ జాబితాల్లో ఎప్పుడూ పై వరసలో ఉండేది ట్రూమన్ కపోటీ 'ఇన్ కోల్డ్ బ్లడ్'. 1959 నవంబరులో కాన్సస్ రాష్ట్రం హోల్‌కంబ్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో నలుగురిని ఇద్దరు చంపారు. పత్రికలో చిన్న వార్త చూసి కపోటీ బయల్దేరాడు, తోడుగా చిన్ననాటి స్నేహితురాలు హార్పర్ లీ వెళ్ళింది. ఆరేళ్ళు పట్టింది. దోషుల్ని 1965 ఏప్రిల్‌లో ఉరితీశాక గానీ పుస్తకానికి ముగింపు దొరకలేదు. వాళ్ళతో స్నేహం చేసి, వాళ్ళ ఉరి కోసం ఎదురుచూడాల్సిన పరిస్థితిలో పడ్డాడు ఆ రచయిత. ఆ ముడి మీదే వేరే పుస్తకాలూ సినిమాలూ వచ్చాయి.

కపోటీ దీన్ని 'నాన్-ఫిక్షన్ నవల' అన్నాడు, కొత్త ప్రక్రియ కనిపెట్టానన్నాడు. (అర్జెంటీనాలో రొడోల్ఫో వాల్ష్ 1957లోనే, పోలీసుల కాల్పుల్లో చావు తప్పించుకున్న ఒక మనిషిని వెతికి పట్టుకుని 'ఆపరేషన్ మసాకర్' రాసేశాడు. అది స్పానిష్‌లో ఉండటమే వాల్ష్ చేసిన పాపం.) కపోటీ టేప్ రికార్డర్ వాడలేదు, ఎదుట నోట్సూ రాసుకోలేదు. విన్నదాంట్లో నూటికి తొంభై పాళ్ళకి పైగా గుర్తుంచుకునేలా తర్ఫీదు అయ్యానన్నాడు. ప్రతి మాటా నిజమేనన్నాడు. పుస్తకం వచ్చిన ఏడాదే ఫిలిప్ టాంప్‌కిన్స్ అనే ఆయన ఆ ఊరు వెళ్ళి మనుషుల్ని కలిసి, తేడాలు ఏరి 'ఎస్క్వైర్' పత్రికలో పెట్టాడు. అన్నిటికన్నా పెద్దది చివరి సన్నివేశం. కేసు తేల్చిన డిటెక్టివ్ శ్మశానానికి వెళ్తాడు. చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు అక్కడ ఎదురవుతుంది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, జీవితం ముందుకి సాగుతోంది. ఆమె వెళ్ళిపోతుంటే గోధుమచేల మీద గాలి. ఎంత బాగుంటుందో! ఆ కలయిక జరగనే లేదు. కపోటీ పాత నవల ఒకదాని ముగింపు ఛాయలు అందులో ఉన్నాయని ఆయన జీవితచరిత్ర రాసిన జెరాల్డ్ క్లార్క్ చూపించాడు.

మరి ఆ పుస్తకం చదవొద్దా? చదవాల్సిందే. మొదటి వంద పేజీలు, హంతకుల కారు ఒకవైపు, ఆ ఇంటి చివరి రోజు ఇంకోవైపు, ఏం జరగబోతోందో తెలిసి కూడా ఊపిరి బిగబట్టి చదివిస్తాయి. కానీ ఒక సన్నివేశం మరీ అమిరినట్టుందని అనిపిస్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. జీవితం అంత నీటుగా చాప్టర్ ముగించడం అరుదు.

చెప్పి చేసే మార్పులు ఇంకో రకం. జార్జియాలోని సవానా ఊరి హత్యకేసు మీద జాన్ బెరెంట్ రాసిన 'మిడ్‌నైట్ ఇన్ ద గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్'లో, హత్యకి ముందే తను ఆ ఊళ్ళో ఉన్నట్టు కథ నడుస్తుంది. నిజానికి ఆయన తర్వాత వచ్చాడు. సంఘటనల వరస మార్చానని ఆయనే రాసుకున్నాడు. 'పాపియాన్' ఇంకా ముదురు. ఫ్రెంచ్ గయానా జైళ్ళ నుంచి పారిపోయిన కథగా ఆన్రీ షారియేర్ 1969లో వేసిన ఈ ఆత్మకథని, 'రెక్కలు చాచిన పంజరం' పేరుతో ఎం.వి. రమణారెడ్డి తెలుగులోకి తెచ్చారు. అందులో చాలా సాహసాలు షారియేర్‌వి కావు, తోటి ఖైదీలవి అని ఫ్రాన్స్‌లో మరుసటి ఏడే పుస్తకాలొచ్చాయి. మన పాఠకులు చాలామంది దాన్ని కూడా నవల అనే పిలుస్తారు. తెలియక చేసినా సరైన పనే చేశాం.

ఇప్పుడు నా ప్రశ్నకి గట్టిగా నిలబడే పుస్తకాల దగ్గరికి వద్దాం. కేథరిన్ బూ 'బిహైండ్ ద బ్యూటిఫుల్ ఫరెవర్స్' (2012) ముంబై ఎయిర్‌పోర్టు పక్కనున్న అన్నవాడి అనే మురికివాడ కథ. పేరు ఎక్కడిదంటే, ఆ వాడని కనబడకుండా దాచే గోడ మీద నేల టైల్స్ ప్రకటన ఉండేది, ఎప్పటికీ అందంగా ఉంటాయని. పాత సామాను కొని వేరుచేసి అమ్మే ఒక కుర్రాడు, పక్కింటామె నిప్పంటించుకున్న కేసులో ఇరుక్కుంటాడు. పోలీస్ స్టేషన్, ఆసుపత్రి, కోర్టు, ప్రతిచోటా చేయి చాపేవాళ్ళే. 2007 నవంబరు నుంచి 2011 మార్చి దాకా ఆమె ఆ వాడకి వెళ్తూనే ఉంది. వాళ్ళ భాష రాదు, అనువాదకుల సాయంతో పనిచేసింది. అడిగిందే మళ్ళీమళ్ళీ అడిగింది, వీడియో తీసింది, సమాచార హక్కు చట్టం కింద అర్జీలు పెట్టి మూడు వేలకి పైగా ప్రభుత్వ కాగితాలు సంపాదించింది. ఒక మనిషి మనసులో ఏమనుకున్నాడో రాసిన ప్రతిచోటా, ఆ మనిషి తనకో అనువాదకులకో చెప్పిందే రాశానని చివర చెప్పింది.

ఇంత కష్టం ఉండబట్టే ఆ కుర్రాడి తలలోకి మనం నమ్మకంగా వెళ్ళగలం. నాకు ఒకటే కొరత. పుస్తకం మొత్తంలో 'నేను' కనిపించదు. కెమెరా పట్టుకున్న ఒక తెల్లామె వాడలో తిరుగుతుంటే జనం మాట, నడత కొంచెమైనా మారి ఉండవా? కనిపించకపోవడం నవలకి అందమే. ఇక్కడ అది ఒక సంగతిని మన కళ్ళకి అడ్డం పెడుతోంది.

చనిపోయినవాళ్ళ గురించి రాస్తే అడగడానికి మనిషి ఉండడు, కాగితమే గతి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన, దాని నీడన హత్యలు చేసిన ఒక డాక్టరు, ఈ రెండు కథల్ని జడలా అల్లిన ఎరిక్ లార్సన్ 'ద డెవిల్ ఇన్ ద వైట్ సిటీ'లో ఒక కచ్చితమైన కట్టుబాటు పెట్టుకున్నాడు. కొటేషన్ గుర్తుల మధ్య ఏముంటే అది ఒక ఉత్తరంలోనో, జ్ఞాపకాల పుస్తకంలోనో, మరో రాతపత్రంలోనో ఉన్న మాట. హత్య జరిగిన గదిలో సాక్షి లేనప్పుడు మాత్రం ఆధారాల మీద ఊహ కట్టాడు. ఎక్కడ కట్టాడో వెనక చెప్పాడు.

మన ఊరి కథే కావాలంటే విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' ఉంది. హైదరాబాద్‌లో కోఠీ ఉమెన్స్ కాలేజీగా పేరుపడ్డ ఆవరణలోని ఆ స్తంభాల భవనం ముందు నుంచి ఎన్ని లక్షల బస్సులు పోయుంటాయో. ఆ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, అంటే ప్రతినిధి. దర్బారులో పలుకుబడి గల కుటుంబపు అమ్మాయి ఖైరున్నీసాతో ఆయన ప్రేమ, నికా, ఇద్దరు పిల్లలు. పిల్లల్ని 1805లో ఇంగ్లండుకి ఓడెక్కించారు, ఆ ఏడాదే ఆయన కలకత్తాలో పోయాడు. తల్లి మళ్ళీ పిల్లల్ని చూడలేదు. ఇంత ఆంతరంగిక కథకి ఆధారాలెలా మిగిలాయి? చాలావరకు కంపెనీ అనుమానం పుణ్యమే. రెసిడెంటు స్థానికురాలిని లోబరుచుకున్నాడని, మతం మారాడని పుకార్లు పుడితే 1801లో రహస్య విచారణ పెట్టి సాక్ష్యాలు రాయించారు. అన్నగారికి జేమ్స్ రాసిన ఉత్తరాల్లో కొన్ని సంకేతలిపిలో ఉన్నాయి. ప్రేమికుల రహస్యాన్ని మనకి భద్రంగా అందించింది గూఢచారుల శ్రద్ధే అనుకుంటే నవ్వొస్తుంది.

డాల్రింపుల్ ఇందులో అప్పుడప్పుడు కథ ఆపి, ఇక్కడ ఏం జరిగిందో తెలియదు, ఇలా అయ్యుండొచ్చు అంటాడు. ఆ చోట్ల వేగం తగ్గిందని విసుక్కునేవాళ్ళున్నారు. నాకు మాత్రం అక్కడే ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇక జ్ఞాపకం. అన్నిటికన్నా జారుడు నేల ఇదే. అమెరికా దక్షిణాది నుంచి ఉత్తరానికీ పడమరకీ వెళ్ళిపోయిన దాదాపు అరవై లక్షల నల్లజాతి అమెరికన్ల కథని, పన్నెండు వందల మందితో మాట్లాడి, పదిహేనేళ్ళు పడి, చివరికి ముగ్గురి ప్రయాణంగా కుదించింది ఇసబెల్ విల్కర్సన్, 'ద వార్మ్‌త్ ఆఫ్ అదర్ సన్స్'లో. బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్‌కి ఈ రకం పుస్తకాలకే 2015లో నోబెల్ వచ్చింది. యుద్ధంలో పనిచేసిన సోవియట్ ఆడవాళ్ళ మాటలు, చెర్నోబిల్ బాధితుల మాటలు, అంతా గొంతులే. అయితే ఒకే సాక్షి మాటలు ఒక ముద్రణ నుంచి ఇంకో ముద్రణకి మారాయని పరిశోధకులు చూపించారు. సాక్షే కొత్తగా చెప్పిందా, అలెక్సీవిచ్ చెక్కిందా? నోబెల్ వచ్చాక కూడా ఈ ప్రశ్న పోలేదు.

అలెక్సీవిచ్ యుద్ధం పుస్తకం 1985లో వస్తే, 1986లో మనకి 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటల్ని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు టేపుల్లోకి ఎత్తి, వాళ్ళ యాసలోనే అచ్చువేశారు. నవలలా నడపాలని వాళ్ళు అనుకోలేదు, సాఫు చేయలేదు. అయినా అడవిలో పసిబిడ్డల్ని ఎత్తుకుని దాక్కున్న చోట్ల ఏ నవలా దాని ముందు నిలవదు. ప్రపంచ జాబితాల్లో దీని పేరు రాదు, మన జాబితాల్లోనైనా ముందుండాలి.

తెలుగులో ఈ ప్రక్రియకి పేరు పెట్టుకోకుండానే రాసేశారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ - జ్ఞాపకాలూనూ'లో చిన్నప్పటి సంభాషణలు ఎక్కడా తడబడకుండా నడుస్తాయి. అన్నేళ్ళ తర్వాత అక్షరం పొల్లుపోకుండా ఎవరికి గుర్తుంటాయి? ఉండవు. ఆ మాట తీరు, ఆ గోదావరి ఇళ్ళ వేళాకోళం ఆయన చెవిలో ఉన్నాయి, వాటితో మళ్ళీ కట్టాడు. శ్రీశ్రీ ఇంకా తెలివైనవాడు, 'అనంతం' మీద 'ఆత్మచరిత్రాత్మక చారిత్రక నవల' అని వేసి మూడు వైపులా తలుపులు తెరిచి పెట్టుకున్నాడు. ఇది కల్పన కదా అంటే చరిత్ర అనొచ్చు, చరిత్ర తప్పు కదా అంటే నవల అనొచ్చు.

రెండు పుస్తకాలు జంటగా చదవమని మాత్రం గట్టిగా చెబుతాను. ఒకటి కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012). రెండోది సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్' (2017), అంటే ఏనుగుల నడుమ చీమలు. పీపుల్స్‌వార్ పెట్టినవాళ్ళలో కొండపల్లి సీతారామయ్య ఒకరు, కె.జి. సత్యమూర్తి, అంటే కవి శివసాగర్, ఇంకొకరు. సీతారామయ్య విడిచిపెట్టి వెళ్ళిన భార్య మొదటి పుస్తకం రాసింది. సత్యమూర్తి మేనకోడలు, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ, మేనమామ చెప్పింది రికార్డు చేసుకుని రెండోది రాసింది. మాల కుటుంబం, క్రైస్తవం, గుంటూరు ఏ.సి. కాలేజీ, తల్లి మంజుల చదువూ ఉద్యోగమూ. ఇండియాలో ఉన్నంతకాలం ఇవేవీ తనకి కథల్లా అనిపించలేదని, బతుకంటే అంతే అనుకున్నానని, అమెరికా వెళ్ళాకే అవి కథలయ్యాయని సుజాత రాస్తుంది. కోటేశ్వరమ్మ కాకినాడ పాలిటెక్నిక్ హాస్టల్లో మాట్రన్‌గా పనిచేసింది. సుజాత పెరిగింది కాకినాడలోనే. ఒకే ఊరు, ఒకే ఉద్యమం, కులం వేరైతే ఇల్లు లోపలి నుంచి ఎంత వేరుగా కనిపిస్తుందో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒకామె గొంతు దించి చెబుతుంది, రెండో ఆమె ఎవరినీ వదలదు, మేనమామని కూడా.

ఇలాంటి పుస్తకం చేతికి రాగానే నేను ముందు వెనక పేజీలు తిప్పుతాను, హత్య ఎవరు చేశారో చూసుకునే డిటెక్టివ్ నవల పాఠకుడిలా. నోట్సు ఉన్నాయా, ఎవరిని ఎన్నిసార్లు కలిశాడో చెప్పాడా, పేర్లు మార్చానన్నాడా, సంభాషణ ఎక్కడిదో ఉందా? ఇవేమీ లేకపోతే పుస్తకం పారేయను. నవలల అరలో పెట్టుకుని సుఖంగా చదువుకుంటాను.

అమిరినట్టున్న సన్నివేశాన్ని అనుమానించమన్నాను కదా. ఒక్కటి మాత్రం ఆ లెక్కకి లొంగదు. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో హెర్సీ మళ్ళీ అక్కడికి వెళ్ళి, ఆ ఆరుగురి బతుకులు ఏమయ్యాయో కనుక్కుని 'హిరోషిమా'కి చివరి అధ్యాయం కలిపాడు. తోషికో ససాకి కాథలిక్ నన్ అయింది. పాస్టర్ తానిమోటో చందాల కోసం అమెరికా తిరుగుతుంటాడు. 1955లో ఒక టీవీ కార్యక్రమానికి పిలిచారు. ఏం జరగబోతోందో ఆయనకి సరిగ్గా చెప్పలేదు. లైవులో, తెర వెనక నుంచి ఒక మనిషిని తీసుకొచ్చి ఎదుట నిలబెట్టారు. హిరోషిమా మీద బాంబు వేసిన విమానం కో-పైలట్. ఇద్దరూ చేతులు కలిపారు. అతను ఏడుస్తున్నాడని చూసినవాళ్ళు అనుకున్నారు. స్టేజి ఎక్కేముందు బార్లు తిరిగొచ్చాడని హెర్సీ రాశాడు.